పిట్ట ముట్టని విస్తరి

గద్ద గూట్లో పిల్ల కనబడిందని నా పెనిమిటి రాజమల్లు పరుగున ఇంటికొచ్చి చెప్పిన మర్నాడే మోటరు షాకు కొట్టి పోయాడు. మాఘమాసం, చలి ఇంకా వదల్లేదు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ సీజను జోరు మీదుంది. ఊళ్లో సగం చెరుకు నరికి బండ్లకెత్తారు, సగం తోటల్లో నిలబడే ఉంది. మా తోట నరకడం అప్పుడే అయిపోయింది.

ఆ ముందునాటి సంగతి చెబుతాను. వాకిట్లో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్నాను. ఆయన కాళ్లకు బురదతోనే లోపలికి వచ్చాడు.

"ఏ గంగమణీ, పిల్లయిందే!"

"ఎవలికి?" అన్నాను చెయ్యి ఆపకుండా.

"గద్దకే! తెల్లగ దూదుండ లెక్క ఉన్నది. తల్లి కండ ముక్కలు జేసి నోట్ల పెడుతున్నది. రెండేండ్ల సంది గూడు కట్టుడు, ఎవడో ఒకడు రాళ్లేసి చెడగొట్టుడు. గీసారి నిలిచింది."

"మనింట్ల తొట్టెల ఊగకపాయె. గద్దింట్ల పిల్లయితె గింత సంబురమా నీకు?" అంది గడపలో కూర్చున్న మా అత్త భూమవ్వ. ఆమె నోరు అంతే. మాకు పెళ్లయి ఏళ్లు గడిచినా పిల్లలు లేరు, ఆ మాట రోజుకొక్కసారైనా ఏదో దారిన వచ్చేది.

ఆయన నవ్వేశాడు. "అవ్వా, ఒక్కసారి అచ్చి సూడు. గోళ్ల దాక ఈకలే. పైజామ తొడుక్కున్న మున్షీ లెక్క నడుస్తది కొమ్మ మీద."

"మున్షీల మొకం నేను మస్తు సూశిన గని, నువ్వు కాళ్లు కడుక్కో," అంది అత్త.

కాలువ గట్టున, మా తోట మూలకు పెద్ద మద్దిచెట్టు ఉంది. దాని మీద కట్టెల మోపంత గూడు. ఊళ్లో తిరిగే చిల్లర గద్దలు కావవి. తెల్లటి పొట్ట, పొడుగు కాళ్లు, కుందేలును సైతం ఎత్తుకుపోయే జాతి. బాలనర్సయ్య అని ఊళ్లో పెద్దమనిషి ఉండేవాడు, ఆయన పుంజును ఒకసారి ఎగరేసుకుపోయాయి. ఆయన ఒడిసెల పట్టుకుని బయల్దేరితే, మా ఆయన మా పుంజునే తీసుకుపోయి ఆయన చేతిలో పెట్టి వచ్చాడు. చెరుకు నరకడానికి నాందేడ్ దిక్కు నుంచి వచ్చే కోతగాళ్లు ఏటా ఆ చెట్టు కిందే గుడిసెలు వేసేవాళ్లు. ఆ ఏడు వాళ్లను "ఇదర్ నక్కో బాయ్, ఉదర్ డాలో" అని బతిమాలి తోట అవతలి మూలకు పంపాడు. ఇంత పిచ్చి దేనికో నాకు అర్థమయ్యేది కాదు. తోటలో పందికొక్కుల్ని పట్టేది అవే అని నాకు ఒక కారణం చెప్పేవాడు గానీ, అది సాకు అని నాకు తెలుసు. ఊరికే చూడటం ఆయనకు ఇష్టం.

మర్నాడు తడి చేత్తో స్టార్టరు ముట్టుకున్నాడు. నేను చేరేసరికే అయిపోయింది.

దహనం ఎక్కడ చెయ్యాలన్న మాట వచ్చినప్పుడు భోజన్న బావ, అంటే ఆయన అన్న, ముందుకు వచ్చాడు. "మద్దిసెట్టుకు ఇవతల, మన తోటలనే పెడుదాం. ఆడ కూసుంటెనే తమ్మునికి పానం సల్లగుంటుండె," అన్నాడు. అందరూ మంచి మాట అన్నారు. చెట్టుకు సెగ తగలనంత దూరంలో, నరికిన చెరుకు మోళ్ల మధ్య చితి పేర్చారు.

నాకు ఏడుపు రాలేదు. ఆడవాళ్లు మెడ మీద పడి ఏడ్చారు, నన్ను ఊపారు, "ఏడువు బిడ్డా, ఏడువకపోతె గుండె పలుగుతది" అన్నారు. నేను వాళ్ల ముక్కుపుడకలు చూస్తూ కూర్చున్నాను. ఒళ్లంతా మొద్దుబారింది. ఎవరో అన్నం కలిపి పెడితే మింగాను, అది పప్పో పచ్చడో తెలియలేదు. ఉప్పు వేయడంలో నా చెయ్యి కాస్త పెద్దదే. "ఆ ఉప్పు డబ్బ నీకియ్యద్దే" అని ఆయన రోజూ ఏడిపించేవాడు. ఇప్పుడు ఉప్పున్నా లేకపోయినా నాకు ఒకటే అయిపోయింది.

మా దిక్కున మనిషి పోతే మూడొద్దులకు, ఐదొద్దులకు, మళ్లీ పదకొండొద్దుల దినాలకు పిట్టకు పెడతారు. పోయినవాడికి ఇష్టమైనవన్నీ వండి, కాలిన చోట విస్తట్లో వడ్డించి దూరం జరుగుతారు. కాకి వచ్చి ముట్టిందా, మనిషి తృప్తిగా పోయినట్టు. ముట్టలేదా, వాడి మనసులో ఏదో మనాది ఉండిపోయినట్టు. ఆ మనాది ఏమిటో ఊహించి, తీరుస్తామని మాట ఇచ్చి పిట్టను పిలవాలి.

మూడొద్దులనాడు మాంసం, గుడాలు, గారెలు, కోడిగుడ్డు, ముంతెడు కల్లు పెట్టి వచ్చి గట్టు మీద నిలబడ్డాం. కాకులు లేక కాదు. దూరంగా ఎండిన చెరుకాకు కుప్పల మీద బారుగా కూర్చుని ఉన్నాయి. అరుస్తున్నాయి, మెడలు సాచి చూస్తున్నాయి. ఒక్కటీ దగ్గరకు రాదు.

"తమ్మీ, గెట్టు కాడ నీతోని లొల్లి వెట్టుకున్న, తప్పయింది. అచ్చి తినురా," అన్నాడు భోజన్న బావ చేతులు జోడించి.

"కల్లు తక్కువైందేమో," అని ఎవరో ఇంకొంచెం పోశారు.

"బీడీ మరిచిండ్రు గదనే! బీడీ లేంది వాడు బువ్వకెప్పుడు కూసున్నడు?" అంది అత్త. నేను చుట్టిన బీడీల కట్ట ఒకటి తెచ్చి విస్తరి పక్కన పెట్టారు. ఒకటి వెలిగించి కూడా పెట్టారు. అది కాలి కాలి ఆరిపోయింది. "నీ పెండ్లాన్ని మంచిగ సూసుకుంటం రా" అని కూడా అన్నారు. పొద్దు నడినెత్తికి వచ్చింది. ఈగలు ముసిరాయి గానీ పిట్ట రాలేదు. చివరికి ఆ అన్నం తీసుకెళ్లి ఆవుకు పెట్టారు.

"ఆవు తింటె ఆకలి తీరుతది గని మనాది తీరదు," అంది అత్త ఇంటికి వస్తూ. ఆ రోజు నుంచి ఆమె కూడా సరిగ్గా తినలేదు. కొడుకు ఉపాసం ఉంటే తల్లి గొంతు దిగుతుందా?

ఊరి నోరు ఊరుకుంటుందా? బాలనర్సయ్య మా అరుగు మీద కూర్చుని, నేను లోపల వింటున్నానని తెలిసే అన్నాడు. "పిల్ల లేదు, జెల్ల లేదు. ఆని మనసుల ఇంకేం మనాది ఉంటది, పెండ్లాం మీది కోపం దప్ప? ఆమె చేతి బువ్వ ఆనికి సయిస్త లేదు. దినాలనాడు గూడ ముట్టకపోతె ఆ పిల్లను ధర్పల్లికి తోలుండ్రి. సచ్చినోని కోపాన్ని ఇంట్ల పెట్టుకొని మీరేం బాగుపడుతరు?"

ధర్పల్లి మా తల్లిగారి ఊరు. అక్కడ తల్లి లేదు. అన్న, వదినె, వాళ్ల నలుగురు పిల్లలు, రెండు అర్రల ఇల్లు. పండుగకు పోతేనే మూడోనాడు వదినె నా సంచి ఎక్కడుందో చూసేది. బాలనర్సయ్య మాటలు ఎవరి గురించో అన్నట్టు విన్నాను. చాట ఒళ్లోకి లాక్కుని ఆకు కత్తిరించాను. ఏ కష్టం వచ్చినా నా వేళ్లు మాత్రం వాటి పని అవి చేసుకుపోయేవి.

ఐదొద్దులనాడు కూడా అదే తంతు. ఇంటి మీద పెడదామా అని ఎవరో అంటే అత్త ఒప్పుకోలేదు. "కాలిన జాగ ఇడిశి ఇంకో తాన పెడితె ఆనికి తొవ్వ దొరుకుతదా?" అంది. మళ్లీ విస్తరి, మళ్లీ గట్టు, మళ్లీ దండాలు. అయితే ఈసారి ఒక కాకి తెగించి దిగబోయింది. విస్తరికి బారెడు ఎత్తులో ఉండగా మద్దిచెట్టు మీంచి గద్ద వచ్చి పడింది. రెక్కల చప్పుడు మా దాకా వినిపించింది. కాకి ఎట్లాగో తప్పించుకుని కాలువ అవతలికి పోయింది, రెండు నల్ల ఈకలు మాత్రం బూడిదలో పడ్డాయి. గద్ద విస్తరి వైపు కూడా చూడకుండా తిరిగి గూటికి పోయింది.

భోజన్న బావ తొడ చరిచాడు. "అగ్గో! సూశిండ్రా? తమ్ముని కోపం కాదు, ఏం కాదు! గూట్ల పిల్ల ఉన్నదని కాకిని రానిస్త లేదది! మనం ఆన్ని తీసుకచ్చి దాని గడప ముంగట పెట్టినం!"

ఇంటికి వచ్చాక ఆయన నా ముందుకు వచ్చి నిలబడ్డాడు. ఇంత సంతోషంగా ఆయన మొహం తమ్ముడు పోయినప్పటి నుంచి చూడలేదు. "గంగమణీ, నీ మీది మాట పోతది. కల్లుగీసే ఎర్రన్నకు సెప్పిన. దినాల ముంగటి రోజు సెట్టెక్కి గూడు తీసేస్తడు. గద్దలు పోతయి, కాకులు అస్తయి. అందరి ముంగట ముట్టుతది. అప్పుడు ఎవడేమంటడో నేను సూస్త."

నా మంచికే అన్నాడు. అది నాకు అప్పుడూ తెలుసు.

"పిల్ల ఉన్నది గద బావా," అన్నాను.

"పిల్లను దించి గంప కింద పెడుదాం. రెండొద్దులైనంక మల్ల పైన పెట్టుడే."

"గూడు లేంది యాడ పెడుతవ్?"

అత్త అందుకుంది. "పిట్టకేమే, ఈ ఏడు పోతె వచ్చే ఏడు మల్ల పెడుతది గుడ్డు. నా కొడుకు ఉపాసమున్నడు. తియ్యుండ్రి."

ఎర్రన్న వచ్చే రోజు తెల్లవారింది. దినాలయ్యేదాకా పిట్టకు పెట్టడానికి తప్ప నేను గడప దాటకూడదు. బావ బయల్దేరి వెళ్లాడు. నేను చాట ముందేసుకున్నాను. ఎందుకో ఆ రోజు వేళ్లు ఆకు చుట్టలేదు. తంబాకు ఒలికిపోయింది. నేను దూదుండ, దూదుండ అనుకుంటున్నానని నాకే కాసేపటికి తెలిసింది. లేచి కొంగు నెత్తిన కప్పుకుని తోటకు నడిచాను. దారిలో ఆడవాళ్లు నోటి మీద చెయ్యి వేసుకున్నారు.

నేను వెళ్లేసరికి ఎర్రన్న మోకు వేసుకుని సగం చెట్టు ఎక్కేశాడు. పైన రెండు గద్దలూ అరుస్తూ చక్కర్లు కొడుతున్నాయి.

"నువ్వెందుకచ్చినవ్?" అన్నాడు బావ ఉలిక్కిపడి.

"తియ్యద్దు బావా."

"ఏందే నువ్వు? రేపు ముట్టకపోతె నిన్నేమంటరో ఎరికేనా?"

"అననియ్యి."

"ధర్పల్లికి తోలుమంటరు."

"పోత," అన్నాను. ఆ మాట అన్నప్పుడు భయమో బాధో ఏదైనా వస్తుందేమో అని చూశాను. ఏదీ రాలేదు.

"పిచ్చి లేశిందా నీకు? ఎవలి కోసం చేస్తున్న నేను గిదంత?"

"ఈయన్ను ఈడ ఎందుకు పెట్టినవ్ బావా?" అని అడిగాను, బూడిద చూపించి. "ఈ సెట్టంటే ఇష్టమని నువ్వే గద పెట్టినవ్."

బావ రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. చెమటేమీ లేదు, చలికాలం పొద్దు.

"ఓ భోజన్నా!" పైనుంచి ఎర్రన్న కేకేశాడు. "ఏం జెయ్యమంటరో జెల్ది సెప్పుండ్రి! గద్దేమో నా నెత్తి తన్నుతున్నది. పిల్లేమో మేనమామ అచ్చిండన్నట్టు నా దిక్కే సూస్తున్నది!"

"దిగు," అన్నాడు బావ.

"ఆఁ?"

"దిగమంటున్న గదరా! దిగు."

ఎర్రన్న దిగాడు. అతని నెత్తి మీద రుమాలు చిరిగిపోయింది. దాన్ని తిప్పి తిప్పి చూసుకుని, "పైజామ తొడిగింది తల్లీ అది," అన్నాడు ఆశ్చర్యంగా. ఎవరూ చెప్పకుండానే నా పెనిమిటి మాటే ఎర్రన్న నోట వచ్చింది. నేను ఇంటికి తిరిగి వచ్చాను.

అత్తకు సంగతి తెలిసింది. నా వైపు చూడలేదు. సాయంత్రం దీపం పెట్టేవేళ ఒక్కటే అడిగింది. "నా కొడుకు కంటె ఆ గద్ద ఎక్కువైందా నీకు?"

ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది.

పదకొండొద్దులనాడు కాలువ దగ్గర నా గాజులు పగలగొట్టారు, బొట్టు తీశారు. చెయ్యి తేలికైనట్టు అనిపించింది, అంతే. ఆనాటి వంట నేనే చేశాను. అత్తే చెయ్యమంది, ఎందుకో తెలియదు. విస్తరి పెట్టి అందరం గట్టెక్కాం. ఈసారి చుట్టాలంతా వచ్చారు. కాకులు ఎప్పటిలాగే ఆకు కుప్పల మీద కూర్చున్నాయి. గద్ద గూటి అంచున నిలబడి మమ్మల్నందరినీ చూస్తోంది. మూడొద్దులనాడు వినబడ్డ మాటలు, దండాలు ఈసారి వినబడలేదు. విస్తరిని చూసేవాళ్ల కంటే నన్ను చూసేవాళ్లు ఎక్కువయ్యారు. భోజన్న బావ మాత్రం తల వంచుకుని కాలి బొటనవేలితో మట్టి గీస్తున్నాడు.

బాలనర్సయ్య కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. "ఇగ సూసుడేమున్నది? గద్దను ఎల్లగొట్టనియ్యకపాయె, కాకిని రానియ్యకపాయె. పెనిమిటి నోటికాడి బువ్వ తీసిన ఆడిదాన్ని నేను గీ ఊళ్లనే సూశిన. భోజన్నా, ధర్పల్లికి కబురు పంపు."

అప్పుడు అత్త లేచింది. మోకాళ్ల మీద చేతులేసి మెల్లగా గట్టు దిగింది. ఆవుకు తీసుకుపోవడానికేమో అనుకున్నాం. ఆమె పోయి విస్తరి ముందు చతికిలబడి కూర్చుంది. అన్నంలో చెయ్యి పెట్టింది. కలిపింది. ముద్ద నోట్లో పెట్టుకుంది.

"ఓ భూమవ్వా! ఏం జేస్తున్నవే! సచ్చినోని కూడు తినద్దే!" అని గట్టంతా గగ్గోలు పెట్టింది.

"నా కొడుకు బువ్వ," అంది అత్త నమిలి మింగి. "కాకి తినకపోతె నేను తింట. ఆనికి పాలిచ్చింది కాకా, నేనా?"

ఆమె రెండో ముద్ద కలుపుతూ తల ఎత్తకుండానే పిలిచింది. "గంగమణీ, దా. అచ్చి కూసో. ఇన్నొద్దులాయె నువ్వు కడుపునిండ తినక. ఎవడు తోలుతడో ధర్పల్లికి, నేను సూస్త."

వెళ్లి ఎదురుగా కూర్చున్నాను. ఇద్దరం ఒకే విస్తట్లో తిన్నాం. బాలనర్సయ్య అప్పటికే గట్టు దిగి పోతున్నాడు.

"ఉప్పు మస్తు పడ్డది," అంది అత్త.

నాకేమీ తెలియలేదు. అవునని తలాడించాను.

ధర్పల్లికి ఎవరూ కబురు పంపలేదు. ఊరు మాత్రం చాన్నాళ్లు ఆ మాట మానలేదు. బోరింగు దగ్గర నన్ను చూస్తే ఆడవాళ్లు బిందె ఇంకో వైపు తిప్పుకునేవాళ్లు. నాకు పని ఉంది, చేసుకున్నాను. చెరుకు నరికాక తోటలో మిగిలిన ఆకును అందరూ తగలబెడతారు. భోజన్న బావ మా మూలన తగలబెట్టనివ్వలేదు. తానే ఆకంతా దంతెతో గుంజి, మోసి గట్టు అవతల పోశాడు. పొగ చెట్టుకు పోతుందని నోటితో అనలేదు. మోళ్ల నుంచి కొత్త పిలకలు వచ్చాయి. నేను బీడీల గంప కార్ఖానాలో ఇచ్చి వచ్చాక అత్త కూడా నాతో తోటకు రాసాగింది. కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చెట్టు వైపు చూసేది.

ఉగాది దాటాక ఫ్యాక్టరీ బందైంది. ఎండ ముదిరింది. ఒకనాడు పొద్దున్నే పిల్ల గూటి అంచుకు వచ్చి నిలబడింది. అది ఇంక దూదుండ కాదు, తల్లంత అయింది. రెక్కలు విప్పింది, ముడిచింది, విప్పింది. తర్వాత పడిపోయినట్టే కిందికి జారింది. తోట మీదుగా, పిలకలకు తగులుతుందా అన్నంత కిందుగా పోయి, కాలువ దగ్గర గాలి అందుకుని లేచింది. ఆ పూట అత్త తోటకు రాలేదు. ఇంటికి పోయి చెబితే, "మంచిగనే ఎగిరిందా?" అని అడిగింది. మంచిగనే ఎగిరిందన్నాను.

ఆ తర్వాత పెద్ద గద్దలు కూడా పిల్ల వెంట కాలువ అవతలికి పోసాగాయి. గూడు ఖాళీ. ఒకరోజు మధ్యాహ్నం తోటలో సద్ది విప్పుకుని కూర్చున్నాను. ఆయన కాలిన చోట నుంచి నాలుగడుగుల దూరం. జొన్నరొట్టె, చింతకాయ తొక్కు. ఒక కాకి వచ్చి ఎదురుగా వాలింది. మెడ వంచి నన్ను చూసింది. ఎందుకు చేశానో తెలియదు, రొట్టె తుంచి ఆ బూడిద జాగాలో వేశాను. అది గెంతుకుంటూ వచ్చింది. ముట్టింది. తీసుకుని ఎగిరిపోయింది.

సద్ది అట్లాగే మూటకట్టి ఇంటికి వచ్చాను. అత్త వాకిట్లో బియ్యం చెరుగుతోంది.

"అత్తా, కాకి ముట్టింది."

చాట ఆగింది. "యాడ?"

"ఆన్నే. ఆయనను పెట్టిన కాడ. రొట్టె ముక్క ఏస్తె కొంచవొయ్యింది."

అత్త చాట పక్కన పెట్టింది.

"పిల్ల ఎగిరినంక అచ్చిండా?" అంది. "గందుకేనా! ఆని మనాది గదేనా! పిల్ల ఎగిరేదాక ఆగిండు నా కొడుకు. మనమేమో కల్లు పోస్తిమి, బీడీలు పెడితిమి. గెట్టు లొల్లి తప్పయింది అనవట్టె భోజన్న. ఒక్కలకన్న తెలిసిందానే?" అని నా మొహంలోకి చూసింది. "నీకొక్కదానికే తెలిసింది, బిడ్డా."

వాకిట్లో మట్టిలోనే కూర్చుండిపోయాను. మాఘమాసం నుంచి రాని ఏడుపు అప్పుడు వచ్చింది. ఆమె ఆపలేదు, ఊరడించలేదు. సద్ది మూట విప్పి, తొక్కు అద్దిన రొట్టె తుంచి నా నోట్లో పెట్టింది. ఏడుస్తూనే నమిలాను.

తొక్కులో ఉప్పు చాలా ఎక్కువైంది.